ఎరుపు పైన ఉండాలి

జూలై 3, 2008

బుజ్జిగా... నీ చొక్కా ఇవాళా ఉతకలేదు. రక్తం ఎండి అట్టకట్టింది. ఉతికితే నువ్వు పూర్తిగా పోతావు.

జూలై 5

రొయ్యల చెరువుల కామందు బెయిలు మీద బయటికొచ్చేడట. చేపలమ్మే సుబ్బమ్మ చెప్పింది — "నున్నగా గడ్డం గీయించుకుని పెళ్లికొడుకులా ఉన్నాడొదినా!" చేతిలో వంకాయ చితికిపోయింది.

జూలై 6

మిరపకాయలు దంచుతుంటే గుర్తొచ్చింది. వాడి దగ్గర కంప్యూటరులో చెరువుల లెక్క చూసేవాడివి. చేటలో పసుపుకొమ్ము, ఎండుమిరపకాయ పెట్టి నాకు చెప్పేవు. కంప్యూటరులో చెరువుకో గడి. నీళ్లలో గాలి తగ్గితే ఆ గడి పసుపు. గాలి తగ్గి, ఉప్పు కూడా పెరిగితే ఎరుపు.

"రెండు రూళ్లూ నిజమైతే పైనున్నదే గెలుస్తుందమ్మా. అందుకే ఎరుపు పైన పెట్టేను."

"కింద పెడితే?"

"పసుపే కనబడుద్ది. రొయ్య చచ్చిపోద్ది."

జూలై 9

కొనేవాళ్లు చూడ్డానికొస్తున్నారని పసుపుని పైకి జరిపించింది కామందే. ఎరుపు చూస్తే బేరం పోతుందని. నువ్వు వద్దన్నావు. ఇంటికొచ్చి "తప్పమ్మా" అన్నావు, కంచం జరిపేసేవు. పసుపే కదా అని అక్కడెవరూ గాలి మిషన్లు తిప్పలేదు. తెల్లారేసరికి రొయ్యలన్నీ తేలేయి. "నీ లెక్కే చంపింది రా" అని వాడు గట్టు మీదే ఇనపరాడ్డుతో...

నీ తల ఒళ్లో పెట్టుకుంటే చీర తడిసింది. ఇంకా తడిగానే ఉంది.

జూలై 12

వాడు వచ్చేడు. మన గుమ్మంలోకి. నీ చెల్లి సత్యని పనికి పంపమంటాడు. ఆ లెక్క నీ తర్వాత దానికే వచ్చు.

"ఆయ్, జరిగిందేదో జరిగిపోయిందండి. పిల్లకి లోటు రానివ్వనండి. ఆ కుర్చీ ఖాళీగానే ఉందండి."

నీ కుర్చీ!

కొబ్బరికాయలు వొలిచే గునపం చేతికందింది. వాడి భుజంలో దిగింది. ఎముక తగిలిన చప్పుడు... హాయిగా ఉంది. మళ్లీ ఎత్తేను — ఈసారి గొంతుకి. సత్య నా కాళ్లు చుట్టేసుకుంది. "నువ్వు జైలుకెళ్తే నాకెవరే అమ్మా?"

నాలోనూ రెండు రూళ్లు. వాణ్ణి చంపాలి. దీన్ని బతికించుకోవాలి. రెండూ నిజమే. పైన ఏది ఉంది బుజ్జీ?

చెయ్యి ఆగింది. గునపం వదల్లేదు.

జూలై 13

అమలాపురం ఆసుపత్రిలో కళ్లు తెరిచేడట. ఊపిరి పీల్చుకున్నానో, పళ్లు కొరికేనో... గునపం కడగలేదు. నీ చొక్కా పక్కన పెట్టేను.

గట్టు మీద పోలీసు జీపు.

సత్యా, ఇది నువ్వే చదువుతావు. అన్నం వార్చేను. పులుసు ఉట్టి మీద ఉంది. చల్లారకముందే కడుపునిండా తిను.