మడత విప్పని గౌను

కొండకర్ల,
ఆదివారం మధ్యాహ్నం.

అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ వేటకు పోతున్నాడా? సముద్రం ఎలా ఉంది? ఇవన్నీ ఫోనులో అడగొచ్చు కదా అంటావు. నువ్వు ఫోను ఎత్తితే పక్కనే నా కూతురు అమ్ములు వింటూ ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చేపల చెరువుల మీద పని కుదిరింది. నీళ్లు పరీక్షించాలి, మేత చూడాలి, వల వేసి చేప ఎదుగుదల చూడాలి. ఎండ ఎక్కువ. వంట నేనే. చెరువు చేప నువ్వన్నట్టే మట్టి వాసన. తింటున్నాను, బెంగ పెట్టుకోకు. సాయంత్రాలు గదిలో కూర్చోలేక ఆవ సరస్సు గట్టు మీద నడుస్తాను.

సంగతి ఇది. పోయిన వారం నువ్వన్నావు, "నిరుడు కుట్టించిన గౌనే పిల్లకి సరిపోతందిరా, కొత్తది తేకు" అని. మంచి మాటగానే చెప్పావు. అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

మొన్న పెద్ద చెరువులోకి చేపపిల్లల్ని వదిలాం. ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. పిల్లల్ని ఏడాదిపాటు చిన్న చెరువులో కిక్కిరిసేలా ఉంచి, బతకడానికి చాలినంత మేతే వేస్తారు. వయసు వస్తుంది, ఒళ్లు రాదు. తర్వాత పెద్ద చెరువులో వదిలి కడుపునిండా పెడితే గబగబా ఎదుగుతాయి. రైతులు కావాలనే అలా చేస్తారు.

అన్నాళ్లు ఎలా ఆగిపోతాయని నాతో పనిచేసే సూరిబాబు అడిగాడు. చెప్పాను. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది, పెరుగుదల హార్మోను అక్కడినుంచే వస్తుంది. మెదడులో పుట్టే డోపమైన్ లాంటివి దాన్ని వదలమంటాయి, సొమటోస్టాటిన్ ఆపుతుంది. విచిత్రమేమిటంటే, ఆకలితో ఉన్న చేప రక్తంలో ఆ హార్మోను ఎక్కువే ఉంటుంది. ఒళ్లే దాన్ని అందుకోదు.

"ఇంత సదివి సేపలకి కాపలా కాత్తన్నావా బావ" అని నవ్వాడు. మేత బస్తా దించుతూ, "మరి మనిసికో?" అన్నాడు.

అక్కా, నీ ఇంట్లో తిండికి లోటని అనడం లేదు. నీ పిల్లలకంటే ముందు దానికే పెడతావు. అది చేప కాదనీ తెలుసు. కానీ నిరుటి గౌను ఇంకా సరిపోతోందంటే అది ఎదగలేదనే కదా. ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చుంటుందని నువ్వే చెప్పావు. వాళ్లమ్మ చనిపోయిన నెలలోనే అది నీ ఇంటికి మారింది, నేనూ కనబడకుండా పోయాను.

వచ్చే ఆదివారం వస్తున్నాను. అమ్ములుని ఇక్కడికి తీసుకొస్తాను. ముందు అనకాపల్లిలో పిల్లల డాక్టరుకు చూపిస్తాను. బడి నా గదికి దగ్గరే. నేను పని నుంచి వచ్చేదాకా సూరిబాబు భార్య చూసుకుంటానంది. "ఆడదిక్కు లేని కొంపలో ఆడపిల్లనెలా పెంచుతావురా" అంటావు. నాకూ తెలియదు. మనసు కష్టపెట్టుకోకు.

ఒక్క పని చేసిపెట్టు. దానికి కొత్త గౌను కుట్టించు. కింద నాలుగు వేళ్ల మడత లోపలికి పెట్టమను. నీ మరదలు ఏటా బడులు తెరిచే ముందు కూర్చుని ఆ మడత విప్పేది. ఈ ఏడు ఎవరూ విప్పలేదు, విప్పే అవసరమూ రాలేదు.

మీ అత్తగారికీ బావకూ నా దండాలు. పిల్లల్ని అడిగానని చెప్పు. నీ దీవెన ఈసారి నాకు వద్దు, దానికి ఇవ్వు. మడత పెద్దదే పెట్టమను. విప్పడం నేను నేర్చుకుంటాను.

నీ తమ్ముడు,
రాము