తూటా కేసుకి కొబ్బరినూనె

ఫార్మింగ్టన్ హిల్స్, ఫిబ్రవరి 2009

చక్రపాణి గారికి నమస్కారం. మీ ఇంట్లోవారు చదివి వినిపిస్తారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చూపు పోయాక మీరు నాకిచ్చేసిన పేలిన రైఫిల్ తూటాలను మళ్ళీ నింపే రీలోడింగ్ సామాను మొదటిరోజే పాడుచేశాను. డై అచ్చులో నొక్కి సైజు చేసే ముందు ఖాళీ తూటా కేసులకు పూసే మీ లానొలిన్ గొర్రె కొవ్వనుకున్నాను. మా ఆవిడ శాకాహారం పట్టింపు మీకు తెలుసుగా, బదులు కొబ్బరినూనె రాశాను. గరాజ్ చలికి అది పేరుకుపోయి, కేస్ కాస్తా మీ డైలో ఇరుక్కుపోయింది. తీరా కనుక్కుంటే లానొలిన్ వట్టి ఉన్ని జిడ్డేనట.

మీరు ఆర్నెల్లుగా గడప దాటలేదని మీ ఇంట్లో శారద గారు ఫోన్లో చెప్పారు. శనివారం వచ్చి మిమ్మల్ని మా గరాజ్‌కి తీసుకెళతాను, వద్దనకండి. ఇరుక్కున్న కేస్ నేనే లాగగలను. ఎంత జిడ్డు పూయాలో మాత్రం నాకు తెలియడం లేదు. మీరెప్పుడూ అది చూసి పూయలేదు, వేలితో తడిమి పూసేవారు. ఆ వేలు కావాలి నాకు.

మీ షూటింగ్ రేంజ్ మిత్రుడు