జనవరిలో కోయకూడని తీగ

ఏలూరు టౌను, కాలువ గట్టు, వెదురు అడితీ కాపురస్తుడు, ఏసోబు గారి కుమారుడు దిరిశాల ఏలీయా, వయస్సు యాభై రెండు, సర్వజనులకూ గంభీరముగా ప్రకటించునది ఏమనగా: నా కిర్రుచెప్పుల జత నా తదనంతరం ఎవరూ తొడగరాదు. నా గొడుగు గాలి వేస్తే వెనక్కి తిరగబడును. అది దాని స్వభావము, దానిని తిట్టరాదు. అడితీ ముందు పడుకొను నల్లకుక్క నాది కాదు. అయినను దానికి రోజూ గంజి పోయవలెను.

ఇక అసలు సంగతి. రొమ్ములో జబ్బు ముదిరింది. డాక్టరు గారు నా మొహం చూడకుండా గోడను చూసి మాట్లాడుతున్నారు. తెలివి మాత్రం చెడలేదు. చెడిందని ఎవరైనా కోర్టుకు వెళితే, ఈ ఊళ్ళో నేను వెర్రివాళ్ళను చేసినవాళ్ళందరినీ సాక్ష్యానికి పిలవండి. ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో నేనే రాస్తున్నాను. థర్డు ఫారం తప్పినవాడి దస్తూరి, సర్దుకోండి.

1. నాకు పిల్లలు లేరు. ఇల్లు, అడితీ, అందులోని వెదురు గతించిన నా భార్య దానమ్మకు చెల్లెలైన భీమడోలు హన్నమ్మకు సర్వహక్కులతో చెందవలసినది. కొల్లేటివాళ్ళు చేపలు పట్టే మావులు అల్లుకోవడానికి వెదురు కోసం వస్తే ముదురు బొంగులే చూపించు హన్నమ్మా. లేతవి అంటగట్టి నేను తిన్న తిట్లు చాలు.

2. ఈ వీలునామాను మా సంఘ పెద్ద దేవరాజు గారు అమలు జరపవలసినది. ఆయనకు నా పొడుం డబ్బా ఇస్తున్నాను. క్రిస్మసు ప్రార్థనకు ఆయన నోరు తెరిచేసరికి ముందు వరస అంతా ఎందుకు తుమ్మిందని పధ్నాలుగేళ్ళుగా అడుగుతున్నారు. మూత తీస్తే తెలుస్తుంది. మెల్లగా తీయండి. దానమ్మ సమాధి దగ్గర "ఇప్పటికైనా బుద్ధి తెచ్చుకోండి ఏలీయా గారూ" అన్నారు. డబ్బాతో పాటు ఆ మాటా పట్టుకుపోండి.

3. పెరట్లో నూతి పక్కనున్న ముళ్ళతీగ సంగతి. 1924లో వెదురు కోసం జంగారెడ్డిగూడెం పైన కొండల్లోకి వెళితే, వాగు ఒడ్డున అది నా పంచె పట్టుకుని చింపింది. కోపం వచ్చి వేళ్ళతో పీకి బండిలో వేసుకొచ్చాను. ఇది మిషను దొరసాని గారు యెరూషలేము నుంచి తెచ్చిన తీగ, ప్రభువు ముళ్ళకిరీటం దీనితోనే అల్లారు అని ఊరంతా చాటాను. దేవరాజు గారు దాని ముందు మోకరించారు కూడా. దాని కాడ నిండా విభూతి పూసినట్టు తెల్లని బూడిద ఉంటుంది. అది ఆయన కంటపడలేదు. దానమ్మ మాత్రం, "దొరసాని గారు తెచ్చిన తీగ మీ పంచె ఎందుకు చింపిందండీ?" అంది. అని, రోజూ రెండు బిందెల నీళ్ళు పోసింది.

అది ఏ జాతో తెలుసుకోవాలని ఆమె పంతం. ఆకు పుస్తకంలో నొక్కి, కాలేజీలో చెట్ల శాస్త్రం చెప్పే గంగరాజు గారికి పంపాం. గులాబీకి చుట్టం, పువ్వూ పండూ చూడనిదే పేరు చెప్పలేను అని రాశారు. పదకొండేళ్ళు పూయలేదు. ఎలా పూస్తుంది? ఏటా జనవరిలో, మల్లెపొదను కోసినట్టు, నేను దాన్ని మొదలంటా కోసేవాణ్ణి. "ఈ ఒక్క ఏడాదీ వదిలెయ్యండి" అనేది. "కొయ్యనిదే పూస్తుందిటే పిచ్చిదానా" అనేవాణ్ణి.

పోయిన జనవరిలో ఆమె ఒళ్ళు నీరు పట్టి మంచం ఎక్కింది. కత్తి పట్టే తీరిక నాకు లేకపోయింది. ఫిబ్రవరిలో, నిరుటి కాడల మీదనే, చిన్న చిన్న గులాబీరంగు పూలు. ఈ జాతి కాడ మొదటి ఏడు పెరుగుతుంది, రెండో ఏడు కాస్తుంది, ఆపైన చస్తుంది. అది అప్పుడు తెలిసింది. పదకొండేళ్ళు నేను ఆమె పూలనే కోసి కాలువలో పారేశాను. మంచాన్ని నూతి దగ్గరికి మోయించాను. చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఆ నెలాఖరున, పోయేరోజు పొద్దున, ఒక నల్లటి పండు నోట్లో పెట్టాను. "తియ్యగా ఉందండీ, వెనకాల కాస్త పులుపు" అని కళ్ళు మూసింది.

4. ఆ తీగ కూడా హన్నమ్మదే. కాసి ఎండిన కాడలే కొయ్యాలి. పచ్చకాడ జోలికి పోరాదు. ఎండాకాలం తాటాకుల నీడ వెయ్యాలి. కొన వంగి మట్టికి తగిలితే అక్కడే వేరు పడుతుంది. ఆ పిల్లమొక్కను దానమ్మ సమాధి దగ్గర నాటాలి. పండు లాగితే టోపీలా ఊడివస్తుంది, లోపల డొల్ల. ఆ గుర్తు చూసే గంగరాజు గారు చివరికి పేరు రాసి పంపారు. రూబస్ ఏదోనట, రెండో ముక్క నాకు నోరు తిరగదు. కాగితం దానమ్మ బైబిలులో ఉంది. చదవవలసిన మనిషి లేదు.

5. నా కోత కత్తి ఎవరికీ ఇవ్వను. కాలువలో వెయ్యండి.

6. సాక్షుల ముందు సంతకం పెట్టే కాగితంలో అబద్ధం ఉండరాదట. హన్నమ్మా, నువ్వు రైలు దిగి వచ్చేసరికి మీ అక్కకు స్నానం చేయించి పడుకోబెట్టేశాం. నువ్వు ఒకటే అడిగావు: "ఆఖరికి అక్క నోట్లో ఏమన్నా పడిందా బావగారూ?" పడిందన్నాను. వచ్చినప్పుడల్లా ఆ పండు సంగతి మళ్ళీ చెప్పమంటావు, చెబుతూనే ఉన్నాను. మూడో పేరాలోనూ చెయ్యి అలవాటు కొద్దీ అదే రాసేసింది. ఆ రోజుకి తీగ మీద ఉన్నవి పచ్చి పిందెలు, మిరియపు గింజంత. ఆమె గుక్కెడు నీళ్ళు కూడా మింగలేదు. మొదటి పండు నల్లబడింది ఆమె పోయిన ఇరవై మూడో రోజున. నూతి దగ్గర నిలబడి నేనే తిన్నాను. తియ్యగా ఉంది, వెనకాల కాస్త పులుపు. ఆ మాట నాది.

ఏలూరు, 1936 నవంబరు 19వ తేదీ.

(సంతకం) దిరిశాల ఏలీయా

సాక్షులు:
1. మాణిక్యం, మిషను బడి ఉపాధ్యాయుడు
2. కనకరాజు, పడవ సరంగు, కాలువ గట్టు