చీర చీటీ మీద పేరు

శుక్రవారం, రాత్రి.

లెక్కలు రాయడం అయింది. ఇది మాత్రం విడిగా రాసుకోవాలి.

చీరల చీటీలు కొట్టే చిన్న లినక్స్ కంప్యూటర్‌లో ఇన్నాళ్లూ ప్రోగ్రాములు నడిపే పైథాన్‌లో పాత వెర్షనే డిఫాల్టు; ఏ ప్రోగ్రామైనా దాంతోనే నడిచేది. తెలుగులో పేరు ఇస్తే చీటీ నిండా ప్రశ్నార్థకాలు వచ్చేవి. "నేసింది నేనని కొన్నవాళ్లకెలా తెలుస్తుందయ్యా?" అని మా మగ్గం మీద నేసే నాంచారమ్మ గారు వారమంతా దెప్పుతూనే ఉన్నారు. రేపు పొద్దున్నే ఆవిడ చీరలు బెంజ్ సర్కిల్ దగ్గరి కొట్టుకు వెళ్లిపోతాయి.

కిందటిసారి పాత పైథాన్‌ను తీసేస్తే కంప్యూటరే లేవలేదు. అందుకే ఇవాళ దాన్ని ముట్టుకోలేదు. పక్కన కొత్తది ఎక్కించి, డిఫాల్టును దానికి మార్చాను. భయంభయంగానే ప్రింట్ కొట్టాను.

నాంచారమ్మ గారు కళ్లద్దాలు సర్దుకుని, వేలు పెట్టి చదివారు. "నాంచారమ్మ! నా పేరేనయ్యా! ఏం చేశావు?"

"పాతదాన్ని ఉండనిచ్చానండీ."

"అంతేగా మరి. మేం పాత పడుగు కొసలకే కదూ కొత్త పోగులు అతికేది! ఇన్నాళ్లూ నన్నడక్కపోయావా?"

నవ్వొచ్చింది. ఎగిరి గంతేయాలనిపించింది కూడా. బిల్లుల ప్రోగ్రాం ఇంకా పాతదాన్నే అడుగుతుందేమో, రేపు చూడాలి...

చీరలన్నిటికీ చీటీలు కట్టేశాం. మొదట కొట్టిన చీటీ మాత్రం ఆవిడ ఇవ్వలేదు. మగ్గం గుంజకు అంటించుకున్నారు.