మునెమ్మ కాలేయంలో నీటితిత్తి

మదనపల్లె, 1946 జూలై, మంగళవారం

నేను నర్సుగా చూసుకుంటున్న మునెమ్మకు ఈరోజు ఆపరేషన్ అయింది. కాలేయం నుంచి బత్తాయంత నీటితిత్తి తీశారు. అది కుక్కల పేగుల్లో ఉండే పురుగువల్ల వచ్చిందని డాక్టరమ్మ చెప్పారు. గొర్రెల కాలేయంలో, అంటే కార్జంలో, అలాంటి తిత్తులే ఉంటాయట. వాటిని తిన్న కుక్కలనుంచి పురుగు గుడ్లు మనుషులకు చేరతాయట.

మునెమ్మ మొగుడు చెంగప్ప నిమ్మనపల్లెలో గొర్రెలు కోసి అమ్ముతాడు. ఆస్పత్రి వరండాలో కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు.

"తిత్తులుండే కార్జాన్ని ఏం చేస్తావప్పా?" అని అడిగాను.

"పూడ్సిపెడతానమ్మా. కుక్కలకు యాల ఏస్తాను?"

నేను కుక్కల మాటే ఎత్తలేదు.

ఒళ్ళోని పిల్లను చూశాను. గౌను కింద కుడిపక్క ఉబ్బెత్తుగా కనిపించింది. "ఒకసారి లోపలికి తీసుకురా, డాక్టరమ్మ చూస్తారు" అన్నాను.

"బిడ్డకేం ల్యా, బాగుండాది" అని గౌను కిందికి లాగాడు.

నేను డాక్టరమ్మను పిలుచుకొచ్చేసరికి వరండాలో ఇద్దరూ లేరు. సంగతి తెలిస్తే తన దగ్గర ఎవరూ గొర్రెకూర కొనరని భయమా? పిల్లకూ అదే జబ్బని అతనికి ముందే తెలుసా? రేపు డాక్టరమ్మతో నిమ్మనపల్లెకు పోవాలి.

సాయంత్రం మత్తు దిగగానే మునెమ్మ, "నా బిడ్డ యాడుండాదమ్మా?" అంది.

"బయట ఆడుకుంటాండాది" అన్నాను.