మూడో పిలుపు

శుక్రవారం, అమ్రోలి

మనవరాలు సంజన తన ఈడు పిల్లల కోసం రాసిన దయ్యం నవల అచ్చయి వచ్చింది. తను నోటితో చెబుతుంటే ఫోనే తెలుగులో రాసిందట. పిల్లకు తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవాలంటే మాత్రం కూడబలుక్కోవాలి. బడి చదువంతా గుజరాతీలోనే సాగింది. ఆదివారం ఇక్కడి మన తెలుగువాళ్ల సమాజం హాల్లో ఆ పుస్తకంలో ఒక భాగం చదవాలి. నన్ను చదవమని నిన్న అడిగింది. నేను పలకలేదు. మగ్గాల మోతలో బతికినవాణ్ణి, నలుగురిలో నోరు విప్పిందెప్పుడు?

సాయంత్రం మళ్ళీ అడిగింది. మాట తప్పించడానికి కథలో తప్పు పట్టాను.

"నీ కథల ఆ పోరి దయ్యం పిలువంగనే పలికింది. మనోళ్లు గట్ల పలుకరు బిడ్డా. దయ్యం రెండుసార్లే పిలుస్తది. మూడోసారి పిలిస్తెనే మనిషని పలుకాలె."

"అరె తాతా, ముందుగాల చెప్పొద్దా! ఇప్పుడు బుక్ ఛప్ గయీ, అచ్చయిపాయె!" అని నవ్వింది. లేచి పోతూ, "నేను గూడ నిన్ను రెండుసార్లు అడిగిన. నన్ను గిట్ల దయ్యమనుకున్నవా ఏంది?" అంది.

తర్వాత లోపలి గదిలో ఒక్కతే చదువుకోవడం వినిపించింది. ఒక్క వాక్యం దాటేలోపు ఎన్నిసార్లు ఆగిందో. హాల్లో ఎవరైనా నవ్వితే ఈ పిల్ల మళ్ళీ రాస్తుందా...

నా గొంతు వణుకుతుంది. వణకనీ. పొద్దున్నే పుస్తకం నేనే అడిగి తీసుకుంటాను. సంజనతో మూడోసారి పిలిపించుకోను.