బదులు మనిషి

రాజమండ్రి,
30-6-2003

పూజ్యులైన పెదనాన్నగారికి ఉమాశ్రీ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప.

మీరు మాటసాయం చేసి పెట్టించిన ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. కోప్పడకుండా చివరిదాకా చదవండి. మీ స్నేహితుడి కొడుకు భాస్కరంగారి క్రిస్పీ కార్నర్ మంచి షాపే. ఏసీ ఉంది, పాటలు పెడతారు. కానీ ఆర్డరిచ్చిన నాలుగు నిమిషాల్లో బర్గరు చేతిలో పెట్టకపోతే గంట మోగుతుంది. పన్నెండు గంటల డ్యూటీ అంతా ఆ గంటే. అది మోగుతున్నా నవ్వుతూనే ఉండాలి. నాకు చేతులు వణుకుతున్నాయి, అన్నం సయించడం లేదు. నిద్రలో లేచి కూర్చుని గోడకేసి నవ్వుతున్నానట. హాస్టల్లో నా పక్క మంచం హరిచందన గది మార్చేసుకుంది.

మీరు భాస్కరంగారికి ఒక్క మాట చెబితే నన్ను వదిలేస్తారు.

మీ ఉమ

తా.క.: మొన్న గుడిలో పంతులుగారు తీర్థం పోస్తుంటే నాకు తెలియకుండానే "ఇక్కడే తాగుతారా, పార్శిలా అండి?" అన్నాను. ఆయన నా మొహంకేసి చూసి ఇంకో ఉద్ధరిణె పోశారు.

* * *

రామచంద్రపురం,
3-7-2003

చి. ఉమాశ్రీకి పెదనాన్న చంద్రరావు దీవించి రాయునది. నీ ఉత్తరం అందేదాకా నేను క్షేమం.

బర్గరు అందించడానికే చేతులు వణికితే ఊడ్పుల్లో నడుం వంచేవాళ్ళు ఏమనాలి? మా దగ్గర పాలేరు ఏరువాకకి కుదిరితే మళ్ళీ ఏరువాక దాకా ఉండాలి. మధ్యలో మానేస్తానంటే తనకి బదులు ఓ మనిషిని నిలబెట్టి, అప్పుడు తువ్వాలు దులుపుకుని వెళ్ళాలి. అదీ పద్ధతి. నలభై ఏళ్ళ సేద్యంలో ఎవరికీ సడలించలేదు. నువ్వు ఏడాది చేస్తావని భాస్కరానికి మాటిచ్చాను. ఏరు దాటి తెప్ప తగలేసే వంశం కాదు మనది.

సరే, ఆడపిల్లవి. మా పాలేరు వీరబాబుని నీకు బదులు పంపిస్తాను. వాడొచ్చేదాకా కదలకు.

చంద్రరావు

తా.క.: ఫలానా మనిషిని పంపానని నేను రాసేదాకా నీ పేరు కొట్టెయ్యద్దని భాస్కరానికి కూడా రాశాను. నిద్రలో నవ్వడం జబ్బేం కాదు. మీ పెద్దమ్మ మెలకువలో కూడా నవ్వదు, దానికేమంటావు?

* * *

రాజమండ్రి,
9-7-2003

పెదనాన్నగారికి వెయ్యి నమస్కారాలతో ఉమ రాయునది.

మీ మనిషి వచ్చాడు. వీరబాబంటే కుర్రాడనుకున్నాను, యాభై ఏళ్ళుంటాయి. బయట ఎండ మండిపోతుంటే తడిసి ముద్దయి వచ్చాడు. గోదావరిలో స్నానం చేసి వచ్చాడు కాబోలనుకున్నాం. పంచె మీదే ఎర్ర చొక్కా తొడుక్కుని, టోపీ పెట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఏం చెప్పినా "ఆయ్" అంటాడు. ఆయన వచ్చాక గంట ఒక్కసారి కూడా మోగలేదండి. తిండి తినడు, కూర్చోడు. నిలబడ్డ చోట నేల మాత్రం ఆరదు. ఏసీ కారుతోందని భాస్కరంగారు మెకానిక్‌ని రెండుసార్లు పిలిచి తిట్టారు.

ఇతను నేను పంపిన మనిషేనని మీరొక్క ముక్క రాస్తే చాలు, నేను బయటపడతాను.

మీ ఉమ

తా.క.: బంగాళాదుంప ముక్కల్ని కాగే నూనెలోంచి చేత్తో తీస్తున్నాడు. గరిటె ఇవ్వబోతే "ఎందుకండి, చల్లగానే ఉంది" అన్నాడు. పల్లెటూరి చేతులు ఎంత గట్టివో కదండీ.

* * *

రామచంద్రపురం,
12-7-2003

చి. ఉమాశ్రీకి పెదనాన్న రాయునది. దీవెనలు తర్వాత.

వీరబాబు నీ దగ్గరికి రానేలేదు. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు ఎత్తుతుంటే నిన్న పట్టుకొచ్చాను. మరి అక్కడ నిలబడ్డవాడెవడు? నువ్వు దారినపోయే వాడెవడినో తెచ్చి పెట్టి, నా పేరు చెప్పి తప్పించుకోవాలని చూస్తున్నావు. నా దగ్గర అలాంటి వేషాలు సాగవు. నేను పంపని మనిషిని పంపానని రాయను. వాడి పేరూ ఊరూ కనుక్కుని తిరుగు టపాలో రాయి. అప్పటిదాకా నువ్వు ఉద్యోగంలోనే ఉన్నావు.

చంద్రరావు

తా.క.: ఎందుకు వెళ్ళలేదురా అని వీరబాబు చెవి మెలేశాను. రాజమండ్రి బస్సు ఎక్కబోతుంటే ఎవరో భుజం మీద తడి చెయ్యి వేసి, "నువ్వు ఉండు, నేను వెళ్తున్నా" అన్నారట. తిరిగి చూస్తే ఎవరూ లేరట. పని ఎగ్గొట్టే వాళ్ళకి కథలు అల్లడం ఎవరూ నేర్పక్కర్లేదు.

* * *

రాజమండ్రి,
16-7-2003

పెదనాన్నగారికి ఉమ నమస్కరించి రాయునది. మీ మీద ఒట్టు, నేనెవర్నీ తేలేదు.

పేరడిగాను. చిట్టియ్య అన్నాడు. ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది. ఊరడిగితే మన రామచంద్రపురమే చెప్పాడు. మా పెదనాన్నగారు పంపారా అని అడిగాను.

"పంపిస్తానన్నారండి. ఎవరూ రాలేదండి. బదులు మనిషి రాకపోతే ఎంత కష్టమో నాకు తెలుసునండి, అందుకని మీకు నేనొచ్చాను" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. ఇంకో సంగతి. షాపులో గోడ మీద తడి గీత ఒకటి వచ్చింది. మొదటిరోజు నా చీలమండ దగ్గరుండేది, ఇప్పుడు నడుం దాకా వచ్చింది. భాస్కరంగారు రంగులేసినవాణ్ణి తిడుతున్నారు. చిట్టియ్య రోజూ నన్ను ఒకటే అడుగుతాడు, పశువులు గట్టెక్కాయా అమ్మా అని. ఏం చెప్పాలో తెలియక ఎక్కాయంటాను. హమ్మయ్య అనుకుని మళ్ళీ పనిలో పడతాడు. నాకు భయంగా ఉంది పెదనాన్నా. ఈయన్ని అలా వదిలేసి వెళ్ళిపోవడానికి కూడా మనసొప్పడం లేదు.

మీ ఉమ

తా.క.: ఈ నెల ఉత్తమ ఉద్యోగి అని చిట్టియ్యకి ఫొటో తీయించారు. టోపీ వచ్చింది, చొక్కా వచ్చింది, మనిషి రాలేదు. భాస్కరంగారు స్టూడియో వాళ్ళతో పోట్లాడి, ఫ్రేము కట్టించేశాం కదా అని దాన్నే గోడకి తగిలించారు.

* * *

రామచంద్రపురం,
19-7-2003

అమ్మా ఉమా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చిట్టియ్య మా పాలేరు. అప్పుడు నీకు అయిదేళ్ళు, గుర్తుండదు. ఎనభయ్యారులో ఏరువాకకి కుదిరాడు. నెల తిరక్కుండానే గుండెలో బరువుగా ఉందండి, పోలవరంలో చెల్లెలి దగ్గర కొన్నాళ్ళు ఉండి వస్తానండి అన్నాడు. బదులు మనిషిని పెట్టి వెళ్ళమన్నాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ అదే మాట అన్నాను. మూడోసారి వరద రోజున గోదావరి లంకలోని పొలం నుంచి కబురు పెట్టాడు. నీళ్ళొస్తున్నాయి, ఓపిక లేదు, వెళ్ళిపోనా అని. "బదులు మనిషిని పంపిస్తా, వాడొచ్చేదాకా కదలకు" అని కబురు పంపాను.

జోరు వాన. భోంచేసి పడుకున్నాను. ఎవర్నీ పంపలేదు.

వాడు కదల్లేదు తల్లీ. అదే మాట నీక్కూడా రాశానని ఇప్పుడు చూసుకున్నాను. సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. వాడితో గట్టిగా మాట్లాడకండి.

పెదనాన్న

తా.క.: పశువులు గట్టెక్కాయని నువ్వు చెప్పింది అబద్ధం కాదు. పోయేముందు పలుపులు కోసి వదిలాడు. తొమ్మిదీ ఎక్కాయి.

* * *

రాజమండ్రి,
1-8-2003

చి. ఉమాశ్రీకి పెదనాన్న దీవించి రాయునది. బర్గరు చుట్టే కాగితం మీద రాస్తున్నాను, నూనె మరకలకి ఏమనుకోకు.

ఆ సోమవారం నిన్ను బలవంతంగా హాస్టల్‌కి పంపేశాక ఏం జరిగిందో చెప్పలేదు కదా. గోడ మీద గీత నా గడ్డం దాకా వచ్చింది. చిట్టియ్య నన్ను చూసి ఇంకా నిటారుగా నిలబడ్డాడు. తప్పు నాదేరా, నీ ఏడాది తీరిపోయింది, ఇక వెళ్ళరా అన్నాను. వాడు నా భుజం మీదుగా గుమ్మంకేసి చూశాడు.

"బదులు మనిషండి?" అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాను. నాతో ఎవరూ రాలేదు. వీరబాబునైనా వెంటపెట్టుకు రావాలని తోచలేదు నాకు. అప్పుడు చెయ్యి చాపి, నేనేరా అన్నాను. వాడు టోపీ తీసి, రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు. ఎర్ర చొక్కా విప్పి మడత పెట్టాడు. తువ్వాలు దులుపుకుని గుమ్మం దాటాడు. ఎండలో రోడ్డు మీద నాలుగు తడి అడుగులు కనిపించాయి, అయిదోది లేదు. గోడ అప్పటికప్పుడు ఆరిపోయింది. నేను కౌంటర్ మీద తల పెట్టి ఏడ్చాను. జనం మాత్రం పక్క వరసలోకి మారారు. అంతలో గంట మోగింది.

నీ పేరు కొట్టేయించాను. నువ్విక ఇటు రాకు. తిను, పడుకో, గోడకేసి కాకుండా మనుషులకేసి నవ్వు. నన్ను క్షమించు తల్లీ, నీ ఉత్తరం మొదటిసారే సరిగ్గా చదవాల్సింది.

ఇట్లు,
చంద్రరావు,
కౌంటర్ నంబర్ రెండు

తా.క.: మీ పెద్దమ్మకి రెండు రోజుల్లో వస్తానని చెప్పి వచ్చాను, ఇవాళ్టికి పన్నెండు రోజులు. టోపీ ఇంకా ఆరలేదు. చేతులు వణుకుతున్నాయి. ఇక వెళ్తానురా అని నిన్న భాస్కరాన్ని అడిగాను. బదులు మనిషి లేకుండా ఎలాగండి, మీరు చెప్పిన పద్ధతే కదా అన్నాడు. చిట్టియ్య నన్ను మూడుసార్లు అడిగాడు. నేనింకా ఒక్కసారే అడిగాను.